వాల్వు ఆయుష్షు, మనిషి వయసు

అందరికీ నమస్కారం. ఫిజిషియన్లు, ఎకో చేసేవాళ్లు, నర్సులు, వాల్వు వేయించుకున్నవాళ్ల ఇంటివాళ్లు అందరూ ఉన్న సభ కాబట్టి తెలిసిన సంగతులే మళ్లీ చెబుతున్నట్టు కొందరికి అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి.

గుండె వాల్వు మార్చాలి అనగానే వచ్చే మొదటి ప్రశ్న "ఎన్నేళ్లు వస్తుందండీ?" అని. కంపెనీ కరపత్రంలో దానికి ఒక అంకె ఉంటుంది. ఆ అంకెను అలాగే అప్పజెప్పడం నాకు నచ్చదు. జంతువుల కణజాలంతో చేసే టిష్యూ వాల్వుకి సొంతంగా ఆయుష్షు అనేది లేదు. ఎవరి ఒంట్లో పెట్టాం, ఏ వయసులో పెట్టాం, గుండెలో ఏ చోట పెట్టాం, ఈ మూడూ చెప్పకుండా ఏళ్ల లెక్క చెబితే అది సగం జవాబే. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు వాల్వుల్లో ఒకటి 75 ఏళ్ల పెద్దాయనకు చివరిదాకా సరిపోతుంది. రెండోది 25 ఏళ్ల అమ్మాయికి పదేళ్లు నిలవకపోవచ్చు.

మెటల్ వాల్వుల సంగతి ముందు ముగించేస్తాను. మెటల్ అంటాం గానీ ఇప్పటి రెండు రెక్కల వాల్వుల్లో ఆ రెక్కలు పైరోలిటిక్ కార్బన్‌వి. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం తయారు చేసిన చిత్ర వాల్వు 1990 డిసెంబరులో తొలిసారి మనిషికి అమర్చారు. దాని చట్రం కోబాల్ట్-క్రోమియం మిశ్రమ లోహం, లోపల వంగి తెరుచుకునే బిళ్ల గట్టి పాలిథిలిన్. వీటిలో ఏదైనా సరే మనిషి వయసును బట్టి అరిగిపోదు. 20 ఏళ్ల వాడిలోనూ 60 ఏళ్ల వాడిలోనూ రెక్క ఒకేలా పనిచేస్తుంది. చెడితే రక్తం గడ్డకట్టి రెక్క ఇరుక్కోవడం వల్ల, కుట్టు చుట్టూ కండ పెరిగి అడ్డం రావడం వల్ల, ఇన్ఫెక్షన్ వల్ల చెడుతుంది. పిల్లల్లో ఇంకొకటుంది. బిడ్డ పెరుగుతుంది, వాల్వు పెరగదు. ఇక అన్ని వయసులవాళ్లకూ ఉన్న షరతు రక్తం గడ్డకట్టకుండా చూసే మందు, అసిట్రోమ్ గానీ వార్ఫరిన్ గానీ, జీవితాంతం వేసుకోవడం. పెద్ద రక్తస్రావం అయ్యే అవకాశం ఏడాదికి నూటికి ఒకరిద్దరికి అని స్థూలంగా అనుకుంటే, 70 ఏళ్లవాడు దాన్ని పది పన్నెండేళ్లు మోస్తాడు, 30 ఏళ్లవాడు నలభై ఏళ్లు మోస్తాడు. వాల్వు అరగదు గానీ ప్రమాదం ఏటేటా పోగవుతుంది.

ఇక టిష్యూ వాల్వు. పంది అయోర్టిక్ వాల్వు, అంటే గుండెలోంచి ఒంటికి రక్తం పోయే దారిలోని వాల్వు గానీ, ఆవు గుండెపైన ఉండే పొర, అదే పెరికార్డియం గానీ తీసుకుని గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో ఊరబెడతారు. తోలు పదును చేసే పనే ఇది, రసాయనం కూడా అక్కడ వాడేదే. ఈ పద్ధతిని 1960ల చివర్లో పారిస్‌లో సర్జన్ అలాన్ కార్పాంటియే నిలబెట్టారు. కణాలు చచ్చిపోతాయి, కొల్లాజెన్ పోగులు ఒకదానికొకటి బిగుసుకుంటాయి, మన శరీరం దాన్ని పరాయిదని పట్టుకోవడం బాగా తగ్గుతుంది. బాగా తగ్గుతుంది అన్నాను, పోతుంది అనలేదు. వయసు కథ అక్కడే మొదలవుతుంది.

ముందు లెక్కలు చూద్దాం. ఎక్కువకాలం గమనించిన వాల్వుల్లో కార్పాంటియే-ఎడ్వర్డ్స్ పెరీమౌంట్ ఒకటి. ఫ్రాన్స్‌లోని టూర్ నగరంలో 1984 నుంచి 2008 దాకా అయోర్టిక్ స్థానంలో ఈ వాల్వు వేసిన 2,659 మందిని వెంట ఉండి చూశారు. వాల్వు పాడై మళ్లీ ఆపరేషన్ అవసరం పడకుండా 15 ఏళ్లు దాటినవాళ్లు, ఆపరేషన్ నాటికి 60 లోపు ఉన్నవాళ్లలో 71 శాతం, 60-70 మధ్య వాళ్లలో 83 శాతం, 70 దాటినవాళ్లలో 98 శాతం. 20 ఏళ్లకు వచ్చేసరికి 60 లోపు వాళ్లలో అది 38 శాతానికి పడిపోయింది. వాల్వు మారలేదు, ఊరు మారలేదు, మారింది వయసే.

ఇదే బృందం మైట్రల్ స్థానంలో, అంటే గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య, చూసిన లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. సగం వాల్వులు పాడయ్యే సమయాన్ని ఆయుష్షు అనుకుంటే 60 లోపు వాళ్లలో 11.4 ఏళ్లు, 60-70 మధ్య 16.6, 70 పైన 19.4. అయోర్టిక్‌లో 60 లోపు వాళ్లకు అది 17.6 ఏళ్లు. ఆ అయోర్టిక్ అంకె చూసి మన 25 ఏళ్ల పేషంటుకు కూడా పదిహేడేళ్లు వస్తుందనుకుంటే పొరపాటు. 60 లోపు అన్న ఆ గుంపు సగటు వయసు 51. ఇరవైల్లో ఉన్నవాళ్ల సంగతి అందులో దాదాపు లేనట్టే.

మైట్రల్‌లో ఎందుకు ముందు పోతుంది? మూసుకుని ఉన్నప్పుడు ఎంత ఒత్తిడి ఆపాలో చూడండి. అయోర్టిక్ వాల్వు గుండె సేదతీరేటప్పుడు మూసుకుంటుంది, సుమారు 80 మిల్లీమీటర్ల ఒత్తిడిని ఆపుతుంది. మైట్రల్ వాల్వు గుండె బిగిసేటప్పుడు మూసుకుని 120ని ఆపాలి, బీపీ ఉంటే 150, 160. రెక్క మీద, కుట్ల దగ్గర లాగుడు ఆ మేరకు ఎక్కువ.

ఇప్పుడు అసలు విషయం. చిన్న వయసు ఒంట్లో వాల్వు తొందరగా ఎందుకు పాడవుతుంది? ఒక్క కారణం కాదు, మూడు నాలుగు కలిసి పనిచేస్తాయి.

మొదటిది క్యాల్షియం. గ్లూటరాల్డిహైడ్‌లో ఊరిన కణజాలంలో చచ్చిన కణాల పొరల తాలూకు ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు పదార్థాలు మిగిలి ఉంటాయి, దేనికీ అతుక్కోని ఆల్డిహైడ్ కొనలు కూడా మిగులుతాయి. ఈ రెండు చోట్లా క్యాల్షియం వచ్చి పట్టుకుంటుంది. బతికున్న కణమైతే లోపలికొచ్చిన క్యాల్షియాన్ని బయటికి తోసేస్తుంది, చచ్చిన కణానికి ఆ శక్తి ఉండదు. ఎదిగే పిల్లల్లో ఎముకల కోసం క్యాల్షియం, ఫాస్ఫేట్ రాకపోకలు జోరుగా ఉంటాయి, రక్తంలో ఫాస్ఫేట్ కూడా పెద్దవాళ్లకంటే ఎక్కువ. అందుకే చిన్నపిల్లల్లో గుండె ఎడమవైపు పెట్టిన టిష్యూ వాల్వు నాలుగైదేళ్లలోనే, ఒక్కోసారి ఇంకా ముందే, గట్టిపడి కదలకుండా పోతుంది. డయాలసిస్‌లో ఉన్నవాళ్లలో ఫాస్ఫేట్, పారాథైరాయిడ్ హార్మోను పెరగడం వల్ల ఏ వయసులోనైనా ఇలాంటి తొందరే కనిపిస్తుంది.

రెండోది రోగనిరోధకం. పంది, ఆవు కణజాలం మీద ఆల్ఫా-గాల్ అనే చక్కెర గుర్తు ఉంటుంది. మనుషులకు ఆ గుర్తు లేదు, దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు మాత్రం మన అందరిలో ఉన్నాయి. రసాయనంలో ఊరబెట్టినా ఆ గుర్తు పూర్తిగా చెరిగిపోదు. నిరోధకశక్తి చురుగ్గా ఉండే వయసులో రెక్క మీద ఈ పోరు ఎక్కువ, తెల్లకణాలు చేరతాయి, ఆ వెనకే క్యాల్షియం చేరుతుంది.

మూడోది వాడకం. నిమిషానికి 70 సార్లు చొప్పున గుండె ఏడాదికి సుమారు 3 కోట్ల 70 లక్షల సార్లు కొట్టుకుంటుంది. నిమిషానికి 100 కొట్టుకునే పిల్లవాడిలో అది 5 కోట్ల 25 లక్షలు. పరుగులు, బరువు పనులు, గర్భం వీటన్నిటిలో రక్తం ఎక్కువగా పారుతుంది. కంపెనీలు ప్రయోగశాలలో టిష్యూ వాల్వును 20 కోట్ల సార్లు తెరిచి మూసి పరీక్షించాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. పెద్దవాళ్ల లెక్కలో అది ఐదున్నర ఏళ్లకు లోపే. పైగా ఆ పరీక్ష ఉప్పునీటిలాంటి ద్రవంలో జరుగుతుంది. అక్కడ క్యాల్షియం పట్టడం లేదు, యాంటీబాడీలు లేవు. యంత్రం దగ్గర బాగా నిలిచిన వాల్వు కుర్రాళ్ల ఒంట్లో నిలవకపోవడానికి ఇదే కారణం.

వీటికి తోడు వాల్వు తయారీ. 1970లు, 80లలో వచ్చిన అయొనెస్కూ-షైలీ పెరికార్డియం వాల్వులో పొరను చట్రానికి పట్టి ఉంచే కుట్టు దగ్గరే రెక్క చిరిగేది. తయారీలోనే తప్పుంటే పెద్ద వయసువాళ్లకూ దక్కదు. వయసు ముఖ్యం అంటున్నానంటే అదొక్కటే అని కాదు.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటొకటుంది, కాసేపు ఆగుదాం. పెద్ద వయసువాళ్లలో వాల్వు ఎక్కువకాలం నిలుస్తుంది అన్నమాటలో కొంత శరీర ధర్మం, కొంత వట్టి గణితం. 80 ఏళ్లకు వాల్వు వేయించుకున్న వందమందిలో పదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు ఎందరు? వాల్వు చెడే వయసుకు వచ్చేలోపు మనిషే వెళ్లిపోతే, లెక్కలో ఆ వాల్వు "పాడు కాలేదు" కిందే పడుతుంది. డెన్మార్క్, స్వీడన్‌లలో జరిగిన నోషన్ అధ్యయనంలో 280 మందికి కొందరికి ఆపరేషన్, కొందరికి తొడ రక్తనాళం గుండా పెట్టే టావీ వాల్వు వేశారు. సగటు వయసు 79. పదేళ్లకు రెండు గుంపుల్లోనూ నూటికి 60 మందికి పైగా చనిపోయారు. టావీ వాల్వులు పాడైనవి తక్కువ అని తేలింది, నిజమే. కానీ ఆ ఫలితం మిగిలిన కొద్దిమంది మీద ఆధారపడింది. దాన్ని తెచ్చి 58 ఏళ్లవాళ్లకు "పదేళ్లు ఢోకా లేదు" అని చెప్పడం న్యాయం కాదు.

ఇంకో చిక్కు, పాడవడం అంటే ఏమిటన్నది. వాల్వు తీసి మళ్లీ వేస్తేనే లెక్కా, లేక ఎకోలో గ్రేడియంట్, అంటే వాల్వుకు ముందూ వెనకా ఒత్తిడిలో ఉండే తేడా, పెరిగినా లెక్కా? 85 ఏళ్ల ఆవిడకు వాల్వు గట్టిపడి ఆయాసం వచ్చినా, రెండో ఆపరేషన్ తట్టుకోలేరని ఇంటివాళ్లు మందులతో సరిపెట్టుకోవచ్చు. ఆపరేషన్ లెక్కన చూస్తే ఆమె వాల్వు భేషుగ్గా ఉన్నట్టే. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ 12,569 పెరీమౌంట్ వాల్వుల మీద ఇచ్చిన లెక్క వాల్వు తీసెయ్యాల్సి రావడం మీదే ఉంది. మొత్తం మీద 20 ఏళ్లకు 15 శాతం, 60 లోపు వాళ్లలో 46 శాతం. ఏ పట్టిక చూపించినా ముందు అడగాల్సినవి రెండు: పాడవడాన్ని దేనితో కొలిచారు? చనిపోయినవాళ్లను ఏ గడిలో వేశారు?

మరి ఎవరికి ఏది? అమెరికా మార్గదర్శకాలు, 2020 నాటివి, అయోర్టిక్‌కు 50 లోపు మెటల్ వైపు, 65 దాటితే టిష్యూ వైపు మొగ్గుతాయి. మధ్యలో మాట్లాడుకుని తేల్చుకోమంటాయి. మైట్రల్‌కు ఆ గీత 65. యూరప్ వాళ్ల గీతలు కొంచెం పైన. కాలిఫోర్నియాలో 1996 నుంచి 2013 దాకా ఆపరేషన్లు అయినవాళ్ల రికార్డులు తీసి 2017లో చేసిన పోలిక కూడా ఇదే దిక్కు చూపింది. మెటల్ వాల్వు వేసుకున్నవాళ్లు ఎక్కువకాలం బతకడం అన్నది అయోర్టిక్‌లో 55 ఏళ్ల దాకా, మైట్రల్‌లో 70 ఏళ్ల దాకా కనిపించింది. మైట్రల్ టిష్యూ వాల్వు ముందు పోతుందన్న సంగతికి ఇది సరిగ్గా సరిపోతుంది.

అయితే ఈ గీతలు గీసింది ముసలితనంలో వాల్వు గట్టిపడే దేశాల్లో. మన దగ్గర పేషంటు వేరు. చిన్నప్పుడు కీళ్లవాత జ్వరం వచ్చి, ఇరవైల్లో ముప్ఫైల్లో మైట్రల్ వాల్వు దారి సన్నబడి వచ్చే ఆడవాళ్లు ఎందరో. టిష్యూ వాల్వు అతి తక్కువ నిలిచే వయసు, అతి తక్కువ నిలిచే స్థానం, రెండూ ఒకేచోట కలిశాయి. అందుకే వాల్వు మార్చడాన్ని వీలైనంత వెనక్కి నెట్టడమే మొదటి వైద్యం అని నా అభిప్రాయం. రెక్కలు మెత్తగా ఉండి, లీకు లేకుండా, ఎడమ కర్ణికలో రక్తపు గడ్డ లేకుండా ఉంటే బెలూన్‌తో తెరవాలి. కుదిరితే ఉన్న వాల్వునే బాగుచెయ్యాలి. 28లో వెయ్యాల్సిన వాల్వును 40కి జరపగలిగితే ఆ పన్నెండేళ్లు ఊరికే దక్కినట్టే.

తప్పక మార్చాల్సి వస్తే? పిల్లలు కావాలనుకునే అమ్మాయి దగ్గర ఏ దారీ సుఖంగా ఉండదు. మెటల్ వేస్తే వార్ఫరిన్ గర్భం ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య బిడ్డకు లోపాలు తేవచ్చు. రోజు మోతాదు వార్ఫరిన్ 5 మిల్లీగ్రాముల లోపు, అసిట్రోమ్ 2 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఆ ప్రమాదం తక్కువ. మందు ఆపి, గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్లకు మారితే బిడ్డకు మంచిదే గానీ వాల్వు మీద గడ్డ కట్టే భయం పెరుగుతుంది. టిష్యూ వేస్తే గర్భం ప్రశాంతంగా గడుస్తుంది, కానీ ముప్ఫైల చివరికి రెండో ఆపరేషన్ ఉంటుందని ముందే తెలిసి వేసుకోవాలి. గర్భం వల్లే టిష్యూ వాల్వు తొందరగా పోతుందన్న మాట వినపడుతుంది. ఎక్కువ భాగం అది ఆ వయసు చేసే పనే. ఇంకో మాట మొహమాటం లేకుండా చెప్పాలి. రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష నెలనెలా చేయించుకునే ల్యాబు అందుబాటులో లేని ఊళ్లో ఉండే మనిషికి, వయసు చిన్నదన్న ఒక్క కారణంతో మెటల్ వాల్వు వేసి పంపడం వైద్యం సగమే చేసినట్టు.

ఇప్పుడు కొత్త ఆశలు. మిగిలిన ఆల్డిహైడ్ కొనలను కప్పేసి, గ్లిజరాల్‌తో తేమ తీసి పొడిగా భద్రపరిచే రెజీలియా కణజాలం వచ్చింది. కామెన్స్ అధ్యయనంలో ఏడేళ్లకు 99 శాతం వాల్వులు పాడు కాకుండా ఉన్నాయి. మంచి ఫలితమే. ఆ పేషంట్ల సగటు వయసు 67. ఆ వయసులో పాత వాల్వు కూడా ఏడేళ్లకు పెద్దగా పాడవదు. అసలు పరీక్ష 40 ఏళ్లవాళ్లలో పదిహేనో ఏట జరుగుతుంది.

రెండో మాట: "టిష్యూ వేసేద్దాం, పాడైతే దానిలోపల ఇంకోటి టావీ ద్వారా పెడతారు." కుదురుతుంది, అయితే కుదిరేలా మొదటి ఆపరేషన్ రోజునే చూసుకోవాలి. 19 అని రాసి ఉన్న వాల్వు లోపలి వ్యాసం 19 మిల్లీమీటర్లు ఉండదు, అంతకంటే తక్కువ. దానిలో ఇంకో వాల్వు పెడితే దారి మరీ ఇరుకవుతుంది. మన ఆడవాళ్లలో వాల్వు కూర్చునే అయోర్టా మూలం సన్నగా ఉండటం మామూలే. ఆరోజు ఇంకో అరగంట పట్టినా సరే, మూలాన్ని కోసి ప్యాచ్ వేసి వెడల్పు చేసి 23 పెట్టగలిగితే రెండో దఫాకు దారి ఉంటుంది. చిన్న వాల్వు పెట్టడం వల్ల ఇంకో నష్టం, గ్రేడియంట్ మొదటి రోజు నుంచే ఎక్కువ ఉండి రెక్క త్వరగా అలసిపోతుంది. 45 ఏళ్లవాళ్లకు లెక్క వేయండి: మొదటి వాల్వు అరవై దాకా, లోపలిది డెబ్బై పైదాకా. ఆ తర్వాత మూడోదా? ఒకదాంట్లో ఒకటి పెట్టిన కొద్దీ గుండెకే రక్తం ఇచ్చే కరోనరీ నాళాల మొదళ్లు మూసుకుపోయే భయం పెరుగుతుంది. ఈ మాటలన్నీ మొదటి సంతకానికి ముందే జరగాలి.

ఎకో సంగతి. ఆపరేషన్ అయిన ఒకటి నుంచి మూడు నెలల్లో చేసిన ఎకోను జాగ్రత్తగా దాచుకోండి, తర్వాతవన్నీ దాంతోనే పోల్చాలి. అయోర్టిక్ టిష్యూ వాల్వులో సగటు గ్రేడియంట్ ఆనాటికంటే 10 పెరిగి 20 చేరి, వాల్వు వైశాల్యం కూడా తగ్గితే పాడవడం మొదలైందని అర్థం. వైశాల్యం తగ్గకుండా గ్రేడియంట్ ఒక్కటే పెరిగితే తొందరపడకండి. జ్వరం, రక్తహీనత, గర్భం ఉన్నా అది పెరుగుతుంది. మొదటి ఏడాదిలోనే పెరిగితే క్యాల్షియం కంటే ముందు రక్తపు గడ్డను అనుమానించాలి. రక్తం పలచబడే మందుతో కొన్ని వారాల్లో దిగవచ్చు. ఎన్నాళ్లకోసారి చెయ్యాలన్న దానిలో అమెరికా వాళ్లు ఐదో ఏట, పదో ఏట, ఆపైన ఏటా అంటారు. యూరప్ వాళ్లు మొదటి నుంచీ ఏటా అంటారు. 50 లోపు వాళ్ల విషయంలో నా ఓటు యూరప్‌కే. రెక్క ఒక్కసారిగా చిరిగి ఊపిరాడని స్థితిలో చేసే రెండో ఆపరేషన్‌కీ, ముందే కనిపెట్టి సీటీ తీసి రొమ్ము ఎముక వెనక గుండె ఎంత అతుక్కుందో చూసుకుని చేసే దానికీ ప్రమాదంలో చాలా తేడా ఉంది.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మా మామగారికి 62. డయాలసిస్‌లో ఉన్నారు. టిష్యూ తొందరగా పోతుందన్నారు కదా, మెటల్ వేయించమంటారా?

తొందరగా పోతుందన్నది నిజమేనండి. కానీ డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు వార్ఫరిన్ మీద రక్తస్రావం ఎక్కువ, అదీకాక ఆ మందు రక్తనాళాల్లో క్యాల్షియం చేరడాన్ని పెంచుతుంది. వాల్వు ఎన్నేళ్లు నిలవాలన్నది మనిషికి మిగిలిన కాలాన్ని బట్టే కదా. కిడ్నీ మార్పిడి జరిగే అవకాశం ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. లేకపోతే చాలామందికి టిష్యూనే మేలు.

ప్రశ్న: మెటల్ వాల్వు ఉన్న కుర్రాళ్లు ఐఎన్‌ఆర్ అక్కర్లేని కొత్త మాత్రలకు మారొచ్చా?

వద్దు. అలాంటి మాత్రే అయిన డాబిగాట్రాన్‌ను మెటల్ వాల్వుల్లో ప్రయత్నించి, గడ్డలు, రక్తస్రావాలు ఎక్కువై అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు, 2013లో ఆ సంగతి అచ్చయింది. అపిక్సబాన్‌తో చేసినదాన్నీ 2022లో ఆపేశారు. వయసు ఏదైనా ఇదే జవాబు. ఆకుకూరలు కూడా మానక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినండి చాలు. ఒంటినొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా కొనుక్కుని వేసుకోకండి. మెడికల్ షాపులో "ఇదీ అదే పని చేస్తుంది" అని వేరే మాత్ర ఇస్తే స్ట్రిప్పు మీద అసినోకుమరాల్ (అసిట్రోమ్‌లో ఉండే మందు ఇదే) అనో వార్ఫరిన్ అనో, మీకు రాసింది ఏదైతే అదే ఉందో లేదో చూసుకోండి, మిల్లీగ్రాములు కూడా చూడండి. ఇప్పటికే మారిపోయి ఉంటే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఈ రోజే ఫోన్ చెయ్యండి. పాత మందు మళ్లీ మొదలుపెట్టి, ఐఎన్‌ఆర్ చేరాల్సిన చోటికి చేరేదాకా హెపారిన్ ఇంజెక్షన్లు అవసరం కావచ్చు.